నాలుగు అరచేతుల మీద ఒక కారు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక అపార్ట్‌మెంటులో, వానలు మొదలయ్యే ముందు జరిగిన నివాసుల సమావేశంలో ఒక విశ్రాంత ఆటోమొబైల్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్ల మీద రెండు టైర్లు చూసి కంగారు పడకండి, అమ్మడానికి తేలేదు. కార్యదర్శిగారు ఫోను చేసి, ‘మాస్టారూ, వానలు వస్తున్నాయి, కారు భద్రత గురించి ఏదైనా చెప్పండి’ అన్నారు. ఏదైనా అంటే తెల్లవారేదాకా చెప్పవచ్చు. నేను ఒక్క విషయమే చెబుతాను. మలుపులో కారు ఎందుకు తిరుగుతుంది, ఎప్పుడు తిరగనంటుంది. అంతే.

ముందు ఒక ప్రశ్న. హనుమంతవాక వైపు నుంచి కైలాసగిరి కొండ ఎక్కుతున్నారు. మలుపు వచ్చింది. కారు తిరిగింది. తిప్పింది ఎవరు? చెప్పండి, మొహమాటం వద్దు. ‘స్టీరింగు’ అంటున్నారు. సరే. ఇంకా? ‘డ్రైవరు.’ ఇంకా? ‘భగవంతుడు’ అని వెనక నుంచి ఒక అమ్మగారు అన్నారు. ఆవిడ వాళ్లాయన పక్కన కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కి ఉంటారు.

స్టీరింగు చేసేది ముందు చక్రాల మొహం పక్కకు తిప్పడం వరకే. నూనె ఒలికిన నేల మీద ఆ చక్రాలను ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. కారును పక్కకు నెట్టేది రోడ్డు. మరి రోడ్డు కారును ఎక్కడ తాకుతోంది? టైరు కింద. ఆ చోటు ఎంత ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? లెక్క చిన్నదే, నోటితో వేసేద్దాం. మనుషులు, సామాను కలిపి కారు 1,200 కిలోలు అనుకోండి. ఒక్కో టైరు మీద 300 కిలోలు. లోపల గాలి 33 పి.ఎస్.ఐ., అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోల ఒత్తిడి. 300ను 2.3తో భాగిస్తే 130 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మీ అరచేయి తెరిచి చూసుకోండి. అదీ, దానికి కాస్త అటూ ఇటూ. నాలుగు చక్రాలకు నాలుగు అరచేతులు. కారు ఆరు లక్షలదైనా, అరవై లక్షలదైనా రోడ్డును పట్టుకుని ఉన్నది ఆ నాలుగు అరచేతులే.

ఆ అరచేతుల మీద మలుపు ఎంత పని పెడుతుందో చూడండి. అరకు దారిలో మెలి తిరిగే మలుపు ఒకటి తీసుకుందాం. దాని వ్యాసార్ధం 20 మీటర్లు అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, కారును ఆ వంపులో పట్టి ఉంచడానికి నాలుగు టైర్లూ కలిసి దాదాపు 425 కిలోల బరువంత బలంతో పక్కకు లాగాలి. 40తో తిరిగితే? 755 కిలోలు. 50తో తిరిగితే? 1,180 కిలోలు, అంటే కారు బరువంతా ఇంచుమించు పక్కకు వచ్చి పడినట్టే. మంచి టైరు పొడి రోడ్డు మీద కారు బరువులో ఎనభై, తొంభై శాతం దాకా ఆపగలదు. తడిస్తే అది సగానికి దగ్గరగా పడిపోతుంది. కాబట్టి అదే మలుపును 30తో హాయిగా తిరిగిన కారు, వానలో 40కే నిలవదు, 50కి పొడి రోడ్డు మీద కూడా నిలవదు. ‘పది కిలోమీటర్లే కదా పెంచాను’ అంటారు. పెరిగింది పది కాదండి. వేగం వర్గంలో పెరుగుతుంది ఈ బాకీ. వేగం రెట్టింపైతే బాకీ నాలుగింతలు.

రబ్బరు రోడ్డును ఎలా పట్టుకుంటుంది? ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. పెన్సిలు రబ్బరు తీసుకుని గరుకు కాగితం మీద నొక్కి పక్కకు తోయండి. వెంటనే జారదు. ముందు వంగుతుంది, మెలిపడుతుంది, ఆ తర్వాత జారుతుంది. కారు టైరూ అంతే. మీరు స్టీరింగు తిప్పినప్పుడు నేలను తాకిన రబ్బరు నేలనే పట్టుకుని ఉంటుంది, చక్రం పక్కకు తిరుగుతుంది, మధ్యలో ఉన్న రబ్బరు మెలిపడుతుంది. ఆ మెలి విప్పుకోవాలన్న తపనే కారును పక్కకు లాగే బలం. కాబట్టి టైరు ఏ వైపు మొహం పెట్టిందో సరిగ్గా ఆ వైపే వెళ్లదు, ఎప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు తేడాగానే వెళుతుంది. మలుపు బిగిసేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక ఎంత తిప్పినా బలం పెరగదు, రబ్బరు ఈడ్చుకుపోవడం మొదలవుతుంది. కీచుమనే శబ్దం వస్తుందే, అది టైరు మనకు వేసే కేక. తడి రోడ్డు మీద ఆ కేక కూడా వినిపించదు.

రెండో సంగతి. రోడ్డు మనకు నున్నగా కనిపిస్తుంది గానీ, దగ్గరగా చూస్తే అంతా కంకర మొనలు. మెత్తటి రబ్బరు ఆ మొనల మధ్యకు దిగి కూర్చుంటుంది. గట్టిపడిన రబ్బరు దిగలేదు, పైపైనే ఆనుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మూడోది, బరువు. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎడమకు తిరిగితే కుడి చక్రాలు నొక్కుకుంటాయి. ‘లోపల తగ్గింది బయట పెరిగింది, మొత్తం పట్టు అంతే కదా’ అని మా విద్యార్థులు ఏటా అడిగేవారు. కాదు. రబ్బరు మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. లోపలి టైరు పోగొట్టుకున్నంత బయటి టైరు సంపాదించలేదు. అందుకే కారు పైన క్యారియరు బిగించి, దాని మీద నాలుగు సూట్‌కేసులు కట్టి, లోపల ఏడుగురు కూర్చుని లంబసింగి మంచు చూడటానికి బయలుదేరితే, టైర్లు కొత్తవైనా మలుపులో పట్టు తగ్గుతుంది.

ఇక్కడే ఇంకొక మాట కూడా చెప్పేస్తాను. టైరుకు ఉన్న పట్టు ఒక్క జీతం లాంటిది. బ్రేకుకూ అందులోంచే తీయాలి, మలుపుకూ అందులోంచే తీయాలి. జీతమంతా బ్రేకుకు ఖర్చు పెట్టేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. మలుపు మధ్యలో భయపడి బ్రేకు గట్టిగా తొక్కితే జరిగేది అదే. ‘మాది కొత్త కారు మాస్టారూ, దానంతట అదే సర్దుకుంటుంది’ అంటారు. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. ఉండవచ్చు, స్థిరత్వం చూసే ఎలక్ట్రానిక్స్ ఉండవచ్చు. అవి ఉన్న జీతాన్ని పొదుపుగా ఖర్చు పెట్టిస్తాయి, జీతం పెంచలేవు.

సరే, ఇప్పుడు నా కథ. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పినవాడికి జరిగింది కాబట్టి సిగ్గుపడుతూనే చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక పాత కారు కొన్నాను. ఒక పెద్దాయన వాడిన కారు. చాలా తక్కువ తిరిగింది. టైర్ల గాడుల్లో వేలు పెట్టి చూశాను, గోరు లోపలికి మునిగింది. ‘బటన్ బ్రహ్మాండంగా ఉంది, ఇంకో మూడేళ్లు చూసుకోనక్కరలేదు’ అని మా ఆవిడతో అన్నాను. బటన్ అంటే గాడులున్న పైరబ్బరు. పాఠాలు చెప్పే మనిషిని కదా, నా మాటకు ఇంట్లో కాస్త విలువ ఉండేది.

జూన్ నెల. అరకు నుంచి తిరిగి వస్తున్నాం. అనంతగిరి దగ్గర చినుకులు మొదలయ్యాయి. ఎండాకాలం అంతా పేరుకున్న దుమ్ము, వాహనాల నుంచి కారిన నూనె, ఆకుల పొడి, వీటి మీద పడే మొదటి జల్లు జోరు వాన కంటే ప్రమాదకరం. జోరు వాన కడిగేస్తుంది, మొదటి జల్లు పేస్టులా కలిపి పెడుతుంది. నాకు తెలుసు. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను. ఎడమ మలుపు. వేగం 35 దాటలేదు. స్టీరింగు తిప్పాను. చేతుల్లో బరువు మాయమైంది, పిల్లల బొమ్మ కారు స్టీరింగులా తేలికైపోయింది. కారు మాత్రం తిన్నగా, తాపీగా, ఎదురు వరుసలోకి వెళుతోంది. తాపీగా అని ఎందుకు అంటున్నానంటే, ఆ క్షణంలో అన్నీ నెమ్మదిగానే కనిపిస్తాయి. రోడ్డు అంచున తెల్ల సున్నం వేసిన రాళ్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టగలిగాను. కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. ఇంకా జారింది. అప్పుడు ఏ దేవుడు గుర్తు చేశాడో, కాలు తీశాను, స్టీరింగును కాస్త వెనక్కి విడిచాను. టైరు మళ్లీ నేలను అందుకుంది. కారు అవతలి అంచున గులకరాళ్ల మీద ఆగింది. అర నిమిషం తర్వాత ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. ఆ అర నిమిషం గురించి మా ఆవిడ ఇప్పటికీ మాట్లాడదు.

కిందికి దిగి టైరు చూశాను. బటన్ ఉంది. బ్రహ్మాండంగానే ఉంది. మరి ఎందుకు జారింది? గోరుతో రబ్బరును నొక్కాను. గోరు దిగలేదు. గుర్రపు డెక్కలా ఉంది. పక్క అంచు మీద చేయి ఆనించి వంచి చూస్తే సన్నటి పగుళ్లు, ఎండిన చెరువులో మట్టిలాగా. అప్పుడు తేదీ చదివాను. తొమ్మిదేళ్ల టైరు.

ఇదిగో, బల్ల మీద ఎడమ పక్కనున్నది ఆ టైరే. పారేయలేదు, అప్పట్లో క్లాసుకు తీసుకెళ్లేవాణ్ని. కుడి పక్కది కొత్తది. ముందు వరుసలో ఉన్న మాస్టారు ఒకసారి వచ్చి రెండింటి మీదా బొటనవేలి గోరు నొక్కి చూడండి. చూశారా? ఏమంటారు? ‘ఒకటి రబ్బరు, ఒకటి చెక్క’ అంటున్నారు. నేను గంట సేపు చెప్పేది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

ఇది ఈ అపార్ట్‌మెంటులోనే చెప్పాలని ఎందుకు అనుకున్నానో తెలుసా? వస్తూ పార్కింగ్‌లో కార్లు చూశాను. మనలో చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లం. కారు వారానికి రెండు సార్లు బయటికి తీస్తాం. రైతుబజారు, సింహాచలం, పిల్లలు వస్తే ఎయిర్‌పోర్టు. ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు. టాక్సీ నడిపే అబ్బాయికి ఈ బాధ లేదు, అతని టైరు ముసలిది అయ్యేలోపే అరిగిపోతుంది. మన టైర్లు అరగవు, ముసలివవుతాయి. అరుగుదల కంటికి కనిపిస్తుంది, ముసలితనం కనిపించదు. పైగా రబ్బరులో పగుళ్లు రాకుండా కలిపే మైనం లాంటి పదార్థాలు టైరు తిరుగుతూ, వంగుతూ ఉంటేనే పైకి వస్తాయి. ఎండలో కదలకుండా నిలబడిన టైరుకు ఆ రక్షణ కూడా సరిగా అందదు. ఎండ, గాలిలోని ఓజోను, వేడి, ఇవన్నీ దాని మీద పని చేస్తూనే ఉంటాయి. కారు కడిగేవాళ్లు టైర్లకు నల్లటి పాలిష్ రాస్తారు, పెళ్లికొడుకులా మెరుస్తాయి. పగుళ్లు ఆ మెరుపు కిందే ఉంటాయి.

తేదీ ఎలా చదవాలంటారా? టైరు పక్కన చాలా అక్షరాల చివర నాలుగు అంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. ఉదాహరణకు 2319. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైంది. కొన్ని టైర్లకు ఇది ఒక పక్కనే ఉంటుంది, ఆ పక్క కారు లోపలి వైపుకు పోయి ఉంటే వంగి చూడాలి. నడుము నొప్పి ఉన్నవారు మనవళ్లను పిలవండి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా ఒకసారి తెలిసినవాళ్లతో పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చేయాలని చాలా కంపెనీలు చెబుతాయి. ఈ ఊరి ఎండకూ ఉప్పు గాలికీ నేను ఏడేళ్లకు మించి ఉంచను. అది నా లెక్క, కంపెనీల లెక్క కాదు.

ఇప్పుడు అరుగుదల. ఇక్కడ ఒక తమాషా ఉంది. పొడి రోడ్డు మీద గాడులే లేని నున్నటి టైరుకు పట్టు ఎక్కువ. నవ్వకండి, నిజం. నేలను తాకే రబ్బరు ఎక్కువ కదా. ఫార్ములా వన్ కార్లకు పొడి వాతావరణంలో నున్నటి టైర్లే వేస్తారు. మలుపుల్లో వేగం మరీ ఎక్కువైపోతోందని 1998లో గాడులు పెట్టించారు, మళ్లీ 2009లో నున్నటివి తీసుకొచ్చారు. మరి గాడులు ఎందుకు? నీళ్ల కోసం. కేవలం నీళ్ల కోసం. 185 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు, రెండు మిల్లీమీటర్ల లోతు నీటి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే, సెకనుకు ఎనిమిది లీటర్ల నీటిని దారిలోంచి తప్పించాలి. రెండు సెకన్లకు ఒక బిందె. ఆ నీరు పోవడానికి ఉన్న కాలువలే గాడులు. కాలువ పూడిపోతే ఊరు మునిగినట్టే, గాడి అరిగిపోతే టైరు నీటి మీద తేలుతుంది.

ఎప్పుడు తేలుతుంది? ఇది విమానాలవాళ్లకు ముందు వచ్చిన బెడద. అమెరికా వారి నాసా 1960ల మొదట్లో దీని మీద పరిశోధనలు చేసి ఒక సులువైన లెక్క ఇచ్చింది. టైరులో గాలి ఎన్ని పి.ఎస్.ఐ. ఉందో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, తేలిపోయే వేగం నాట్లలో వస్తుంది, అంటే విమానాలకూ ఓడలకూ వాడే వేగం కొలతలో. 36 గాలి ఉంటే వర్గమూలం 6, తొమ్మిది ఆర్లు 54 నాట్లు, గంటకు 100 కిలోమీటర్లు. 25 గాలి ఉంటే 45 నాట్లు, 83 కిలోమీటర్లు. గాడులు అరిగి, వాటి లోతు కంటే ఎక్కువ నీరు నిలిచినప్పటి మాట ఇది. కారు టైరుకు ఈ లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోదు. కానీ గాలి తగ్గిన టైరు ముందుగా తేలుతుందన్నది మాత్రం అక్షరాలా నిజం. ఆనందపురం దాటాక హైవే మీద వంపుల్లో వానకు ఒక పక్కన నీరు నిలవడం మీరు చూసే ఉంటారు. తిన్నగా పోతూ తేలితే రెండు క్షణాలు గుండె ఝల్లుమంటుంది, మళ్లీ దొరుకుతుంది. వంపులో తేలితే దొరికేసరికి మీరు వేరే వరుసలో ఉంటారు.

కొత్త టైరుకు గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. 1.6 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలని నిబంధన. గాడి లోపల అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, వేలు పెడితే తగులుతాయి. పైరబ్బరు అరిగి వాటికి సమానమైందంటే టైరు పని అయిపోయినట్టు. అవి ఎక్కడున్నాయో చూపడానికి టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు గానీ, టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గానీ ఉంటాయి. అయితే 1.6 దాకా బాగుండి ఆ మర్నాడు పాడవదు. మూడు మిల్లీమీటర్ల దగ్గరే తడి పట్టు బాగా దిగజారి ఉంటుంది. జూన్‌లో మూడు ఉన్న టైరుతో అక్టోబరు తుపాన్ల దాకా లాగవద్దు.

నీరే కాదు, మనకు ఇసుక ఉంది. భీమిలి బీచ్ రోడ్డులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మలుపుల్లో సన్నగా పరుచుకుంటుంది. దానికి ఏ టైరూ మందు కాదు, వేగం తగ్గించడమే.

ఇప్పుడు ఒక తగువు. మా బావమరిదికి గాజువాకలో టైర్ల దుకాణం ఉంది. సాయంత్రాలు అక్కడ కూర్చుంటాను, టీ ఖర్చు అతనిది, సలహాలు నావి. రోజూ ఒకరైనా వచ్చి, ‘రెండే కొత్తవి వేయండి, ముందుకు వేయండి’ అంటారు. మా బావమరిదీ అదే అంటాడు. ‘బావగారూ, తిప్పేవి ముందు చక్రాలు, లాగేవి ముందు చక్రాలు, బ్రేకు ఎక్కువ పడేది ముందు. కొత్తవి వెనక వేయడం ఏమిటి, పెళ్లికూతుర్ని వంటింట్లో కూర్చోబెట్టినట్టు?’ వినడానికి బాగుంటుంది. కానీ తప్పు.

ఎందుకో చూడండి. ముందు టైర్ల పట్టు తక్కువైతే మలుపులో ఏమవుతుంది? నాకు అనంతగిరిలో అయినట్టు కారు తిరగకుండా తిన్నగా పోతుంది. దీన్ని అండర్‌స్టీర్ అంటారు. భయం వేస్తుంది, నిజమే. కానీ చేతుల్లో స్టీరింగు తేలికై ముందే చెబుతుంది, కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. అదే వెనక టైర్ల పట్టు పోతే? కారు వెనక భాగం బయటికి విసురుకుంటుంది, కారు బొంగరంలా తిరుగుతుంది. ఇది ఓవర్‌స్టీర్. ఇది ముందుగా చెప్పి రాదు. వచ్చాక కాలు తీస్తే బరువు ముందుకు పోయి వెనక ఇంకా తేలికవుతుంది, ఇంకా జారుతుంది. స్టీరింగును అప్పటికప్పుడు ఎదురు తిప్పి, సరిగ్గా సమయానికి మళ్లీ విడవాలి. అది రేసు డ్రైవరు చేసే పని. మనలో ఎంతమంది చేయగలరు? చేతులెత్తండి. ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అందుకే కొత్తవి రెండే వేస్తే వెనకకు వేయాలి, ముందు చక్రాలు లాగే కారైనా సరే. పెద్ద టైరు కంపెనీలన్నీ చెప్పేది ఇదే. మా బావమరిది ఇప్పుడు ఒప్పుకున్నాడు. పూర్తిగా కాదు, నేను దుకాణంలో ఉన్నప్పుడు.

ఒక చక్రానికి ఒక కంపెనీది, ఇంకో చక్రానికి ఇంకొకటి వేయడం అంతకంటే చెడ్డది. ఒకే ఇరుసు మీద రెండూ ఒకే రకంగా ఉండాలి. లేకపోతే ఎడమ మలుపులో ఒక కారు, కుడి మలుపులో ఇంకొక కారు నడిపినట్టు ఉంటుంది. స్టెప్నీ గురించి కూడా ఒక మాట. ఆ పేరు వేల్స్‌లో లానెల్లీ అనే ఊరి నుంచి వచ్చింది, అక్కడ స్టెప్నీ అనే వీధి పేరుతో అదనపు చక్రాలు చేసిన కంపెనీ ఉండేది. ఆ పేరును మనం ఇప్పటికీ నిలబెట్టాం. ఇప్పుడు చాలా కార్లకు స్టెప్నీ సన్నగా, చిన్నగా వస్తోంది. దాని మీద 80 దాటవద్దని రాసి ఉంటుంది. అది పంక్చరు దుకాణం దాకా తీసుకెళ్లడానికే తప్ప ఘాట్ దిగడానికి కాదు.

గాలి సంగతి త్వరగా ముగిస్తాను. గాలి తక్కువైతే మలుపులో టైరు పక్కకు ఒరిగి భుజం మీద నడుస్తుంది, మధ్య రబ్బరు నేలను సరిగా నొక్కదు. మీరు తిప్పిన ఒక క్షణం తర్వాత కారు తిరిగినట్టు ఉంటుంది. గాలి ఎక్కువైతే మధ్య భాగమే ఆనుతుంది, మన అరచేయి చిన్నదవుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది, నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ అంకె అది కాదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ‘అరకు ఎక్కితే గాలి పెరుగుతుందా మాస్టారూ’ అని కిందే ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. బయటి వాతావరణ పీడనం తగ్గడం వల్ల గేజి మీద ఒకటిన్నర దాకా ఎక్కువ చూపుతుంది. కానీ అక్కడ చలి, పది డిగ్రీలు తగ్గితే ఇంచుమించు అంతే తగ్గుతుంది. ఆ అప్పు ఈ అప్పుకు చెల్లు. ఏమీ చేయనక్కరలేదు. నైట్రోజన్ కావాలా అని అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, మిగతా దానికి డబ్బులు కట్టాలా వద్దా మీ ఇష్టం.

కొత్త టైరు ఏది కొనాలి? పేరు చెప్పను, మా బావమరిదికి నష్టం. మీ టైరు మీద 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉందనుకోండి. 185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం టైరు పక్క ఎత్తు, ఆర్ అంటే రేడియల్ రకం, 15 అంగుళాల రిమ్ము. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుంది. ఈ చివరి రెండింటి కంటే తక్కువది ఎప్పుడూ వేయవద్దు. కుర్రవాళ్లు వెడల్పు టైర్లు వేయిస్తారు. పొడి మలుపులో నిజంగానే బాగుంటాయి. వెడల్పు పెరిగితే అరచేయి వైశాల్యం పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది, అడ్డంగా పొడవవుతుంది. మలుపుకు అది మంచిదే. నీటికి మాత్రం చెడ్డది, తోయాల్సిన నీరు ఎక్కువ కదా.

ఇంకొకటి, లక్ష కిలోమీటర్లు అరగదని పొగిడే టైరును కాస్త అనుమానంగా చూడండి. అరగకపోవడానికీ పట్టుకోవడానికీ పాతకాలం నుంచి పడదు. రబ్బరులో సిలికా కలిపి రెండింటినీ కొంతవరకు రాజీ చేశారు గానీ పూర్తిగా కాదు. ఏడాదికి నాలుగు వేలు తిరిగే మనకు లక్ష కిలోమీటర్ల టైరు ఎందుకు చెప్పండి? ఇరవై అయిదేళ్లు వాడతామా? అరిగిపోయే మెత్తటి టైరే మనకు లాభం, ఎలాగూ ముసలిదై పోయేలోపు అరగదు.

కొన్ని టైర్ల మీద తడి పట్టును చెప్పే ట్రాక్షన్ ఎ అనో, ఎఎ అనో అక్షరాలు ఉంటాయి. మన దేశంలో కూడా తడి పట్టుకు ప్రమాణాలు తెస్తూ 2022లో కేంద్రం నిబంధనలు ఇచ్చింది. చాలా మంచి పని. కానీ ఒక సంగతి తెలుసుకోండి. ఆ పరీక్షలు తడి నేల మీద తిన్నగా పోతూ బ్రేకు వేసి చేసేవి. మలుపులో ఎలా ఉంటుందో ఆ అక్షరం చెప్పదు. పక్కకు లాగే పట్టును మీకు ఎవరూ అచ్చు వేసి ఇవ్వరు. అది రబ్బరు, వయసు, గాలి, గాడి, బరువు, రోడ్డు, వేగం అన్నీ కలిసి ఆ క్షణంలో తేల్చేది.

ప్రశ్నలా? అడగండమ్మా. ‘తిన్నగా పోతున్నప్పుడు టైరు ముసలిదైందని ఎలా తెలుస్తుంది?’ తెలియదమ్మా. అదే దాని తిరకాసు. తిన్నటి రోడ్డు మీద టైరుకు పెద్దగా పని లేదు. ఏడాదంతా ఎం.వి.పి. నుంచి సిరిపురం దాకా నడిపి, ‘బాగానే ఉంది కదా’ అనుకుంటాం. పని పడేది మలుపులో, తడిలో, అదీ ఒక్కసారి. అందుకే కూర్చుని నడిపి కాదు, దిగి వంగి చూడాలి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. టీ పార్కింగ్‌లో పెట్టమన్నాను. రెండు టార్చిలైట్లు తెచ్చాను, ఒక లోతు కొలిచే గేజీ, ఒక గాలి గేజీ ఉన్నాయి. వరసగా అందరి కార్లూ చూద్దాం, తేదీలు ఒకరు చదవండి, ఒకరు రాసుకోండి. మొదట నా కారే, గేటు పక్కన ఉన్న బూడిద రంగుది. దాని వెనక ఎడమ టైరు 4 మిల్లీమీటర్లకు వచ్చింది, ఇంట్లో ఇంకా చెప్పలేదు.